గోడలు బరువు మోయని మేడ

గురజాలలో మా తాతగారి ఇంటి కిటికీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని చదువుకునేవాణ్ణి. గోడ మందం అంత. రాయీ సున్నమూ పెట్టి కట్టిన గోడ అది. కిటికీ అంటే ఆ గోడలో వదిలిన చిన్న సందు మాత్రమే. కొన్నేళ్ళ క్రితం నడిమి గోడ తీసి రెండు గదులను ఒకటి చేద్దామనుకుంటే మేస్త్రి ఒప్పుకోలేదు. "దూలాలన్నీ దాని మీదే ఉన్నాయి, తీస్తే మిద్దె కిందికి దిగుతుంది" అన్నాడు. అటు మార్చనూ లేక, ఇటు ఉన్నదున్నట్టు ఉంచుకోనూ లేక, చివరికి ఇల్లంతా పడగొట్టించాం. ఆ పని చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

షికాగోలోని రిలయన్స్ బిల్డింగ్ చరిత్ర చదువుతున్నంతసేపూ ఆ మేస్త్రి మాటే చెవిలో మెదిలింది. (మన అంబానీల రిలయన్స్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు.)

ఎత్తుగా కట్టాలంటే అడుగున గోడ లావుగా ఉండాలన్నది పాత సూత్రం. పల్నాటివారికి దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. మాచర్ల దాటి వెళితే నాగార్జునసాగర్ ఉంది. 124 మీటర్ల ఎత్తున్న ఆ రాతి ఆనకట్ట తన బరువుతోనే కృష్ణను నిలువరిస్తుంది. ఆనకట్టకు బరువే బలం, మేడకు మాత్రం అదే భారం. 1891లో షికాగోలో పదహారు అంతస్తుల మొనాడ్నాక్ భవనాన్ని ఇటుక గోడల మీద నిలబెట్టినప్పుడు అడుగున గోడ మందం ఆరడుగులకు చేరింది. అద్దెకివ్వవలసిన చోటునే గోడలు తినేశాయన్నమాట.

దాన్ని రూపొందించిన బర్న్‌హామ్, రూట్‌ల సంస్థే రిలయన్స్ పనీ చేపట్టింది. స్థలం యజమాని విలియం హేల్ లిఫ్టుల వ్యాపారి. మేడలు పైకి లేస్తే లాభం ఎవరికో వేరే చెప్పాలా! (ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎలరీ హేల్ ఈయన కుమారుడే. మౌంట్ విల్సన్ మీది అరవై అంగుళాల దూరదర్శినికి కావలసిన గాజుబిళ్ళను కొని ఇచ్చింది ఈ తండ్రే.)

హేల్ స్థలంలో అప్పటికే ఒక పాత భవనం ఉండేది. పై అంతస్తుల్లో అద్దెకున్నవారికి 1894 దాకా గడువుంది, ఖాళీ చేయమంటే చేయరు. అంతవరకూ ఆగే ఓపిక హేల్‌కు లేదు. 1890లో పై అంతస్తులను జాకీల మీద నిలబెట్టి, కింది అంతస్తును తొలగించి, కొత్త పునాదీ కొత్త నేల అంతస్తూ కట్టించాడు. పైన కాపురముండగానే కింద మేడ మారిపోయింది! 1891 జనవరిలో జాన్ రూట్ న్యుమోనియాతో మరణించాడు. గడువు తీరి పై అంతస్తులను తొలగించాక, మిగిలిన మేడకు రూపమిచ్చినవాడు ఛార్లెస్ ఆట్‌వుడ్. వివేకానందుని పేరుతో మనకు గుర్తుండిపోయిన ఆ 1893 ప్రపంచ ప్రదర్శనలో లలితకళల భవనం ఈయనదే. రిలయన్స్ పూర్తయిన 1895లోనే ఆయనా కన్నుమూశాడు.

ఈ మేడలో బరువంతా ఉక్కు చట్రానిదే. పై పది అంతస్తుల ఉక్కును పదిహేను రోజుల్లో నిలబెట్టారట. గోడకు మోసే పని పోయింది, వాననూ గాలినీ ఆపితే చాలు. కాబట్టి ముఖమంతా పెద్ద పెద్ద అద్దాలు పెట్టి, వాటి నడుమ తెల్లని గాజుపూత పూసి కాల్చిన మట్టి పలకలు బిగించారు. వాన పడితే పలకలు వాటంతటవే శుభ్రపడతాయని ఆశ. బొగ్గుపొగల షికాగోలో ఆ ఆశ నిలవలేదనుకోండి, అది వేరే సంగతి. సుమారు 200 అడుగుల ఎత్తు, అంటే మన సాగర్ ఆనకట్టలో సగం. తరువాత వచ్చిన అద్దాల మేడలన్నిటిలోనూ దీని పోలిక ఉంది.

కింద దుకాణం, పైన వైద్యుల, దంతవైద్యుల గదులు. వెలుతురు కావలసిన వృత్తులు కదా. ఇరవయ్యో శతాబ్దం నడిమికి వైభవం తగ్గింది. పైచూరు ఊడదీశారు, పలకలు నల్లబడ్డాయి, గదులు ఖాళీ అయ్యాయి. 1976లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. కానీ గుర్తింపు అద్దె చెల్లించదు. 1994లో నగరపాలక సంస్థ కొని, బయటి పలకలను బాగుచేయించి, పోయిన చూరును తిరిగి పెట్టించింది. 1999లో అది బర్న్‌హామ్ పేరుతో హోటలైంది. ఆ పేరు కూడా తరువాత మారింది.

హోటలు అనగానే నాకు మొదట కాస్త మనసు చివుక్కుమంది. చరిత్రను రాత్రికింతని అమ్ముకోవడమేనా అని. ఆలోచిస్తే, డాక్టరు గది కొలత పడకగదికి సరిపోవడం ఆ మేడ చేసుకున్న అదృష్టం. అడ్డుగోడలు ఏ బరువూ మోయవు కనుక ఎక్కడ కావాలంటే అక్కడ తీసేయవచ్చు, లేదా పెట్టుకోవచ్చు. మా మేస్త్రి ఇక్కడ అడ్డు చెప్పడానికేమీ లేదు.

అయినా అన్నీ తీసెయ్యలేదు. పై అంతస్తులో పాలరాతి నడవాను, పాత కార్యాలయాల తలుపులను నిలుపుకున్నారు. బస చేసేవారి గది సంఖ్య, ఒకప్పుడు వైద్యుల పేర్లుండే పద్ధతిలోనే, తలుపు మీది మసక గాజుపై రాసి ఉండేది.