కట్టె గ్యాసు బండ్లు, వాటిని బతికించిన దోస్తులు

ఇయ్యాల శుక్రవారం, సైటు బందు. పోస్టు కొంచెం పొడుగే, చాయ్ పెట్టుకొని నిమ్మళంగ చదవండి.

మేమున్న గల్ఫ్‌లో నేల కింద పెట్రోలు, నేల మీద ఇసుక. కట్టె దొరకాలంటే షట్టరింగ్ చెక్కలే గతి. ఇసొంటి చోట కూసోని కట్టెలతో నడిచే లారీల గురించి రాస్తున్నామంటే మీకు నవ్వు రావచ్చు. కానీ ఇది నవ్వులాట కాదు, లక్షల బండ్లు నిజంగా నడిచిన చరిత్ర. చివరకు మన రూముల దాకా వచ్చే ముచ్చట కూడా ఇందులో ఉంది.

ముందు ఆ బండి ఎట్ల నడుస్తదో చూద్దాం. కట్టెను బాగా గాలి తగిలేటట్టు కాలిస్తే మంట, బూడిద. అదే ఒక మూసిన డ్రమ్ములో పెట్టి, లెక్కగా కొద్ది గాలే ఇస్తే కట్టె సగం కాలి, కింద నిప్పుల బొగ్గు పరుచుకుంటుంది. వచ్చిన పొగను ఆ ఎర్రటి నిప్పుల్లోంచి కిందికి లాగితే అందులోని తారు విరిగి, మండే గ్యాసు అవుతుంది. ఆ గ్యాసులో సుమారు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్, అంతకు కొంచెం తక్కువ హైడ్రోజన్. సగానికి దగ్గరగా ఉండేది నైట్రోజన్, అది మండదు. దీన్ని చల్లార్చి, ఫిల్టరులో వడగట్టి ఇంజన్‌కు పంపాలి. పెట్రోలు ఇంజనే ఇది, కాకపోతే బలం మూడో వంతు దాకా తగ్గుతుంది. లీటరు పెట్రోలు చేసే పనికి రెండున్నర నుంచి మూడు కిలోల ఎండు కట్టె కావాలి. కట్టె పచ్చిగా ఉంటే తారు పోయి వాల్వులకు పట్టుకుంటుంది, బండి అక్కడే నిలబడిపోతుంది.

ఈ డ్రమ్ము పొయ్యిని బండికి పనికొచ్చేటట్టు 1920ల్లో తయారు చేసిన మనిషి జార్జి ఇంబెర్, ఫ్రాన్సు తూర్పు దిక్కున అల్సాస్ ప్రాంతం ఆయనది. ఇయ్యాలటికీ ఈ పొయ్యిల్లో ఒక రకాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. పెట్రోలు చౌకగా దొరికినన్ని రోజులు దాన్ని పట్టించుకున్నోళ్లు తక్కువే.

1939లో యుద్ధం వచ్చింది. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్, నార్వేల మీద పడేసరికి స్వీడన్‌కు సముద్రం దారి మూసుకుపోయింది, పెట్రోలు ఆగిపోయింది. ఆ దేశానికి అడవులకు కొదవ లేదు. 1942 నాటికి స్వీడన్‌లో సుమారు 73 వేల బండ్లు, ఫ్రాన్సులో సుమారు 65 వేల బండ్లు కట్టె గ్యాసుతో, బొగ్గు గ్యాసుతో తిరిగాయి. ఫిన్లాండ్‌లో 1944 నాటికి 43 వేల దాకా. యుద్ధం ముగిసేటప్పటికి జర్మనీలో ఐదు లక్షల దాకా ఉన్నాయని లెక్క. బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, పడవలు కూడా.

మన దిక్కు కూడా ఇది వచ్చింది. 1942లో బర్మా జపాన్ చేతికి పోయింది, అక్కడి నూనె బావుల నుంచి మనకు రావడం ఆగింది. పెట్రోలుకు రేషను నడిచింది. అప్పుడు మద్రాసు రాజధాని జిల్లాల్లో తిరిగినవే బొగ్గు బస్సులు. మన పాత తరం వాళ్లు చెప్పేది మీలో చాలామంది వినే ఉంటారు: బస్సు వెనక నిలువు డ్రమ్ము, క్లీనరు పొద్దున్నే బొగ్గు పోసి నిప్పంటించి, హ్యాండిలు పట్టుకొని ఫ్యాను తిప్పుతా ఉంటే ఎంతోసేపటికి బస్సు స్టార్టు అయ్యేది. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాలి. టికెట్టు కొన్నోడే తొయ్యాలి, అదీ లెక్క.

1945 తర్వాత పెట్రోలు తిరిగొచ్చింది. డ్రమ్ములు తుక్కు కింద పోయాయి. ఇంత పెద్ద పనితనం ఒక్క పదేండ్లలో మాయం కావాల్సిందే. స్వీడన్ వాళ్లు మాత్రం తమ యుద్ధకాలం అనుభవమంతా 1950లో పుస్తకంగా అచ్చేసి పెట్టుకున్నారు. 1956లో సూయజ్ కాలువ గొడవ రాగానే మళ్లీ ఈ పొయ్యిల మీద పరిశోధన మొదలుపెట్టారు. అమెరికా వాళ్లు ఆ పుస్తకాన్ని 1979లో ఇంగ్లీషు చేయించుకున్నారు. పెట్రోలు అసలే దొరకని రోజు వస్తే ఎట్ల అని, 1989లో అక్కడి ప్రభుత్వ విపత్తుల సంస్థ ఒక సాదా పొయ్యి కట్టుకునే తీరు చిన్న పుస్తకంగా తెచ్చింది.

కానీ మాకు తెలిసిన సంగతి ఒకటుంది. డ్రాయింగు ఎంత బాగున్నా గోడ దానంతట అది లేవదు. ఆ కాగితాలను చేతి పనిగా మార్చినోళ్లు రైతులు, వెల్డర్లు, మెకానిక్కులు, రిటైరైన మనుషులు. సరదా కోసమే మొదలుపెట్టినోళ్లు ఎక్కువ.

అమెరికాలో అలబామా రాష్ట్రం స్ప్రింగ్‌విల్ రైతు వేన్ కీత్ అసొంటోడే. 2004 ప్రాంతంలో పెట్రోలు ధర చూసి విసిగి, తన డాడ్జ్ పికప్ వెనక పొయ్యి కట్టుకున్నాడు. కట్టెతోనే దేశం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాడు. 2011లో బోన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 73 మైళ్ల వేగం, అంటే సుమారు 117 కిలోమీటర్లు అందుకున్నాడు. కట్టె బండికి అది చాలా ఎక్కువ. ఇంకొకాయన ఫిన్లాండ్‌లో యుహా సిపిలా. పాత షెవర్లే ఎల్ కమినో బండికి కట్టె పొయ్యి పెట్టి ఎల్ కమీనా అని పేరు పెట్టాడు. వాళ్ల భాషలో కమీనా అంటే పొయ్యి. ఆ తర్వాత 2015 నుంచి 2019 దాకా ఆయనే ఆ దేశానికి ప్రధానమంత్రి. ఒక రైతు, ఒక ప్రధాని. ఇద్దరి చేతికీ అంటింది ఒకటే మసి.

వీళ్లు ఒక చోట కలిస్తే చేసే పని చూస్తే మాకు మా సైటు గుర్తొస్తుంది. బండ్లు వరుసగా పెట్టి, మూతలు తీసి, గ్యాసు తయారైందా లేదా అని గొట్టం చివర అగ్గి పెట్టి చూస్తారు. మంట నిలకడగా ఉంటే బండి రెడీ. గాలి రంధ్రం ఎంత సైజు, ఏ కట్టె ఎంత ముక్క కొట్టాలి, తారు ఎందుకు వచ్చింది, ఏ రేకు తొందరగా కాలిపోయింది, అన్నీ విప్పి చెప్పుకుంటారు. దాచుకోవడం తక్కువ. ఒకరి బండి దారిలో ఆగితే మిగతావాళ్లు నిలబడతారు, కట్టె సంచులు పంచుకుంటారు.

ఎందుకింత దోస్తానా? మంచితనం ఒక్కటే కారణం కాదని మా ఆలోచన. ఈ బండికి షోరూము లేదు, సర్వీసు సెంటరు లేదు, స్పేరు పార్టు లేదు. ఊరికో రకం చెట్టు, ఊరికో రకం తేమ. ఒక్కడే నేర్చుకోవాలంటే పదేండ్లు పడుతుంది, పదిమంది కలిస్తే ఏడాది చాలు. అన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటి: ఆ గ్యాసు ప్రాణం తీస్తుంది. బండిని నడిపించే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ఆక్సిజన్ కూసోవలసిన చోటును అదే పట్టుకుంటుంది, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా. యుద్ధకాలం యూరప్‌లో మూసిన షెడ్డులో పొయ్యి అంటించి, లీకును గమనించక పోయిన ప్రాణాలు ఉన్నాయి. అందుకే ఈ సోపతిగాళ్లు కొత్తగా వచ్చినోడికి ముందు చెప్పే మాట స్పీడు గురించి కాదు: ఆరుబయటే అంటించు, లోపల పెట్టకు, తల నొప్పి లేస్తే వెంటనే దూరం జరుగు.

ఇప్పుడు మన రూముల సంగతి. గల్ఫ్‌లో చలికాలం రాత్రి ఎడారి చలి ఎముకలు కొరుకుతది. మనోళ్లు కిటికీలు మూసి, రేకు డబ్బాలో బొగ్గులు పోసి, కుంపటి లోపల పెట్టుకొని పండుకుంటారు. పొద్దున లేవనోళ్ల వార్తలు ప్రతి చలికాలం వింటూనే ఉన్నాం. లారీని నడిపిన గ్యాసే అది. అక్కడ డ్రమ్ములో, గొట్టంలో కట్టేసి ఉంటుంది, ఇక్కడ మన ముక్కు దగ్గర విడిచిపెట్టి ఉంటుంది. పొగ పోయింది, నిప్పులే ఉన్నాయి కదా అనుకుంటాం. అసలు ప్రమాదం ఆ నిప్పుల్లోనే ఉంది.

కాబట్టి అన్నా, ఆ లారీ దోస్తుల దగ్గర మనం నేర్చుకోవలసింది వెల్డింగు కాదు. తెలిసినోడు తెలియనోడికి సిగ్గుపడకుండా చెప్పడం. మీ క్యాంపులో ఎవరన్నా కుంపటి లోపలికి తెస్తుంటే ఆపండి, తిట్టుకున్నా పర్వాలేదు. ఇంకో దుప్పటి కప్పుకుందాం, ఒకరి దుప్పటి ఇంకొకరికి ఇద్దాం. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వస్తే తలుపు తెరిచి బయటికి లాక్కురండి, అంబులెన్సుకు ఫోన్ కొట్టండి.

మీ ఇండ్లల్లో బొగ్గు బస్సు ఎక్కినోళ్లు ఇంకా ఎవరన్నా ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. వాళ్లు చెప్పింది ఇక్కడ రాయండి, మేమందరం చదువుతాం. ఉంటాం మరి, రేపు పొద్దున నాలుగింటికే బస్సు.