దీవి దాటని భాష... దిగంతాలకు

1582లో లండన్ బడిపంతులు రిచర్డ్ మల్‌కాస్టర్ తన మాతృభాష గురించి ఒక నిజం ఒప్పుకున్నాడు. ఇంగ్లిష్ తమ దీవి దాటి పోదని, ఆ దీవిలోనైనా అంతటా లేదని రాశాడు. వేల్స్‌లో వెల్ష్, స్కాట్లాండ్ కొండల్లో గేలిక్ మాట్లాడేవారు. ఐరోపాలో పండితుల మధ్య నడిచేది లాటిన్. మరో వందేళ్లకు న్యూటన్ కూడా తన ‘ప్రిన్సిపియా’ను లాటిన్‌లోనే వెలువరించాడు (1687). 1704లో ‘ఆప్టిక్స్’ను మాత్రం సొంత భాషలో తెచ్చాడు.

సులువైన భాష కాబట్టి లోకమంతా పాకిందనే మాటలో పస లేదు. స్పెల్లింగ్ ఒక దారి, ఉచ్చారణ ఇంకో దారిగా నడిచే భాష అది. దాన్ని మోసుకెళ్లింది ఓడలు, ఫిరంగులు, వర్తకం. 1600లో ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1607లో అమెరికా తీరాన జేమ్స్‌టౌన్ వెలసింది. అప్పటికి పోటీలో ఫ్రెంచి ముందుంది. 1756-63 మధ్య సాగిన ఏడేళ్ల యుద్ధం ఆ లెక్క తారుమారు చేసింది. అందులో ఒక ఘట్టం మన గోదావరి సీమలోనే జరిగింది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద ఫ్రెంచి సేన ఓడింది. మరుసటి ఏడు బందరు కోటా పోయింది, దాంతో ఉత్తర సర్కారులు వాళ్ల చేయి జారిపోయాయి. 1763లో పారిస్ ఒడంబడికతో కెనడా కూడా ఆంగ్లేయుల పరమైంది.

ఇండియాలో ఇంగ్లిష్ చదువులే కావాలన్న మెకాలే వాదనకు 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ ఆమోదముద్ర వేయడంతో ప్రభుత్వ సొమ్ము ఇంగ్లిష్ చదువులకు మళ్లింది. కంపెనీకి చవకగా గుమాస్తాలు కావాలి, ఇక్కడివారికి కొలువులు కావాలి. ఒకరి అవసరం ఇంకొకరికి అక్కరకొచ్చింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కోస్తా, సీమ విద్యార్థులకు పట్టా అంటే ఇంగ్లిషే. నిజాం రాజ్యంలో మాత్రం అధికార పీఠం పారశీకం నుంచి ఉర్దూకు మారింది. 1918లో వెలసిన ఉస్మానియాలో పై చదువులూ ఉర్దూలోనే సాగాయి.

దౌత్యంలో ఫ్రెంచి పెత్తనం 1919 దాకా చెక్కు చెదరలేదు. ఆ ఏడు వెర్సాయ్ సంధిపత్రం ఫ్రెంచితోపాటు ఇంగ్లిష్‌లోనూ ప్రామాణికమైంది. అమెరికా అధ్యక్షుడు విల్సన్, బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్‌లకు ఫ్రెంచి అంతంతమాత్రం. ఆతిథ్యమిచ్చిన ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సోకు మాత్రం ఇంగ్లిష్ బాగా వచ్చు. చిత్రమేమిటంటే, ఫ్రెంచికి సమ ఉజ్జీ తయారైంది ఫ్రాన్స్ గడ్డమీదే.

అసలు మలుపు విజ్ఞానశాస్త్రంలో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రసాయన, భౌతికశాస్త్రాలు లోతుగా చదవాలంటే జర్మన్ తప్పనిసరి. 1924లో ఢాకాలోని సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసాన్ని ఇంగ్లిష్‌లో రాసి ఐన్‌స్టయిన్‌కు పంపితే, ఆయన స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. అప్పటికే ఆ భాషకు దెబ్బలు మొదలయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అంతర్జాతీయ శాస్త్ర సంఘాలు జర్మన్లను వెలివేశాయి. అమెరికాలో నెబ్రాస్కా వంటి రాష్ట్రాలు చిన్నపిల్లలకు పరభాషలు నేర్పడాన్నే నిషేధించాయి. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా బడుల్లో జర్మన్ మునుపటిలా కోలుకోలేదు. ఆపై 1933లో హిట్లర్ యూదు ఆచార్యులను కొలువుల నుంచి తరిమేశాడు. ఐన్‌స్టయిన్ ప్రిన్స్‌టన్ చేరాడు, భౌతికవేత్త మాక్స్ బోర్న్ బ్రిటన్‌కు వెళ్లాడు. బోస్ వ్యాసాన్ని జర్మన్‌లోకి మార్చిన మనిషి తొమ్మిదేళ్లకే ఇంగ్లిష్ మాట్లాడే గడ్డకు చేరడం కన్నా ఈ మార్పుకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇంగ్లిష్ గెలుపులో సగం జర్మనీ చేజేతులా చేసుకున్నదే.

1945 తర్వాత బ్రిటన్ సామ్రాజ్యం కుంగిపోయింది. మామూలుగా అయితే దాని భాషా కుంగాలి. కానీ కొత్తగా పెత్తనానికొచ్చిన అమెరికాదీ అదే భాష. డాలర్, హాలీవుడ్, ఆపై కంప్యూటర్ ఆ వారసత్వాన్ని మోశాయి. ఆకాశంలో ఈ ఏకభాష ప్రాణావసరంగా మారింది. 1951లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రేడియో సంభాషణకు ఇంగ్లిష్‌ను సిఫారసు చేసింది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజక్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడం ఆ ప్రమాద కారణాల్లో ఒకటిగా తేలింది. 2008 నుంచి అంతర్జాతీయ మార్గాల పైలట్లకు భాషా పరీక్ష తప్పనిసరైంది.

2020 జనవరి 31న బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి తప్పుకుంది. ఇంగ్లిష్‌ను తన భాషగా అక్కడ నమోదు చేసుకున్న దేశం అదొక్కటే. ఐర్లాండ్ ఐరిష్‌ను, మాల్టా మాల్టీస్‌ను రాయించుకున్నాయి. అయినా బ్రస్సెల్స్‌లోని సమాఖ్య కార్యాలయాల్లో ఎక్కువగా వినిపించేది ఇప్పటికీ ఇంగ్లిషే.