వాన వేరు, బురద వేరు

మొన్న ఆషాఢంలో మా మేనల్లుడు విశాఖపట్నం నుంచి నర్సీపట్నం వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోర్‌వీల్ డస్టర్ వేసుకొచ్చాడు. లంబసింగి వెళ్లాలట. బయట సన్నగా వాన. గేరు దగ్గరున్న గుండ్రటి మీట చూపించి, "మావయ్యా, ఈ వానలో దీన్ని ఎక్కడ పెట్టమంటావు? ఆటోలోనా, లాక్‌లోనా?" అన్నాడు.

వెంటనే చెప్పలేదు. ఆ మీట చూస్తే నాకు మా మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన రోజుల్లో అది మీట కాదు, కర్ర. అవీ రెండు.

1972లో పదమూడేళ్లవాణ్ణి, చింతపల్లి రోడ్డు మీదున్న ఆయన షెడ్డులో చేరాను. ఏజెన్సీ నుంచి దిగొచ్చే జీపులే మాకు తిండి. ఆ రోడ్డు పుట్టుకే ఓ కథ. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్లకి సరైన కూలీ ఇవ్వకుండా చాకిరీ చేయించి వేయించిన రోడ్లు 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఒక కారణమయ్యాయి. తారు తర్వాతెప్పుడో వచ్చింది. నేను చేరినప్పటికి కూడా పైన చాలాచోట్ల ఎర్రమట్టే. వానపడితే సబ్బు రాసినట్టుండేది.

షెడ్డుకొచ్చే జీపుల్లో ముసలివి యుద్ధం నాటి డిస్పోజల్ బళ్లు, ఎడమవైపు స్టీరింగువి. 1941 నుంచి అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసినవాటిలో కొన్ని. మిగతావి మహీంద్రావి. ఆ కంపెనీ 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైంది. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థికమంత్రి అయ్యాక, 1948లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు.

పెద్ద గేరు కర్ర పక్కన రెండు చిన్న కర్రలుండేవి. ఒకటి ముందు ఇరుసుకి ఇంజను బలం కలపడానికి, రెండోది హై నుంచి లోకి మార్చడానికి. ముందు ఇరుసు కలిపితే తప్ప లో పడదు. లో వేస్తే బండి నత్తలా నడుస్తుంది కానీ బలం సుమారు రెట్టింపో, అంతకు మించో అవుతుంది. ఏ కర్ర ఎటు తొయ్యాలో డాష్‌బోర్డు మీద రేకుపై బొమ్మ వేసి ఉండేది. మా ఊరికొచ్చేసరికి ఆ రేకులు సగం ఊడిపోయి ఉండేవి, చదివేవాళ్లూ తక్కువే.

కొత్త డ్రైవర్లు చినుకు పడగానే ముందు ఇరుసు కలిపేసేవారు. వాన కదా, ఫోర్‌వీల్ వేస్తే జారదని వాళ్ల లెక్క. వారం తిరక్కుండా షాఫ్టుని కలిపే క్రాస్ జాయింటు విరిగి మా దగ్గరికి వచ్చేవారు. మేస్త్రి విరిగిన క్రాస్ చేతిలో పట్టుకుని, "ఒరే, వాన వేరు, బురద వేరు రా. ఇది బురదకి పెట్టిన కర్ర, వానకి కాదు," అనేవాడు.

అందులో కిటుకు ఇది. మలుపులో ముందు చక్రాలు గీసే వంపు పెద్దది, వెనక చక్రాలది చిన్నది. ముందువి ఎక్కువ దూరం దొర్లాలి. జీపులో ఫోర్‌వీల్ వేస్తే రెండు ఇరుసులూ ఒకే లెక్కన తిరగాల్సిందే. ఇద్దరి కాళ్లు కలిపి కట్టి వంపు తిరగమన్నట్టు. బురదలో అయితే ఏదో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి తారు మీద జారదు. తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడి కూర్చుంటుంది. అప్పుడు కర్ర లాగినా రాదు. బండిని నాలుగు గజాలు రివర్సు తోలితే మెలి వదిలి, టక్కుమని వచ్చేస్తుంది. తడిసిన తారు ఇంకా మోసం. కొంత దూరం పట్టు ఇస్తుంది, ఉన్నట్టుండి వదిలేస్తుంది. మలుపులో ముందు చక్రాలు స్టీరింగు మాట వినకుండా లోయవైపు తిన్నగా పోతాయి.

పోనీ బురదలోనైనా నాలుగూ లాగుతాయా అంటే, అదీ లేదు. మామూలు జీపులో ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం గాల్లోనో గుంటలోనో పడ్డాయంటే ఆ రెండే గిర్రున తిరుగుతాయి. తక్కిన రెండూ చూస్తూ ఉంటాయి. ఇక జనం వేలాడుతూ వెళ్లే సర్వీసు కమాండర్ జీపుల్లో చాలావాటికి అసలు ఫోర్‌వీలే లేదు. అవి ఘాట్ ఎక్కాయంటే డ్రైవరు చెయ్యి, జనం తోపుడు.

వానలో తారు మీద పనికొచ్చే ఫోర్‌వీల్ కావాలంటే, ఒక్కో ఇరుసులో ఎడమ, కుడి చక్రాల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉన్నట్టే, రెండు ఇరుసుల మధ్య మూడోది ఒకటి పెట్టాలి. ఆ మాట మీద పట్టుబట్టినవాడిది మన రైతులందరికీ తెలిసిన పేరే. మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు మీద ఉన్న ఫెర్గూసన్. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. ట్రాక్టరు వెనక గొర్రు, నాగలి మూడుచోట్ల తగిలించి హైడ్రాలిక్‌తో ఎత్తే ఏర్పాటు ఆయనదే. ఇవాళ ఏ కంపెనీ ట్రాక్టరు చూసినా అదే. దుక్కిలో చక్రం జారడం గురించి అంత ఆలోచించినవాడు రోడ్డు మీద జారడం గురించి ఆలోచించకుండా ఉంటాడా! చివరి ఏళ్లలో మామూలు కారుకి నాలుగు చక్రాల బలం ఇవ్వడం మీదే పడ్డాడు.

1960లో ఆయన పోయాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఇంగ్లండులోని ఔల్టన్ పార్కులో, తడిసిన ట్రాకు మీద, ఆయన సంస్థ చేసిన పీ99 కారు తోలి స్టిర్లింగ్ మాస్ గోల్డ్ కప్ గెలిచాడు. ఫార్ములా వన్ కార్ల పందెంలో ఫోర్‌వీల్ బండి గెలిచింది ఆ ఒక్కసారే. 1966లో అదే పద్ధతి జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే ఖరీదైన కారులోకి వచ్చింది. విమానాల నుంచి తెచ్చిన, చక్రం బిగుసుకోకుండా ఆపే బ్రేకు కూడా దానికి పెట్టారు. నాకు నచ్చింది అదే. లాగడానికి ఒక ఏర్పాటు చేసినవాళ్లు, ఆపడానికి మరో ఏర్పాటు కావాలని గ్రహించారు. అమ్మింది 320 కార్లే. మార్కెట్టు మంచి పనికి ఎప్పుడూ వెంటనే డబ్బివ్వదు.

తర్వాత 1970లో రేంజ్ రోవర్‌కి మధ్య డిఫరెన్షియల్ వచ్చింది. 1980లో ఆడి క్వాట్రో ఆ పద్ధతిని అందరి నోళ్లలో నానేలా చేసింది. వీటికన్నా నాకు దగ్గరైన కథ జపాన్‌ది. తొహోకు కరెంటు సంస్థకి మంచు కొండల్లో లైన్లు చూసుకోవడానికి జీపు తప్ప గతిలేదు. జీపులో చలి, కుదుపు. కారులాంటి ఫోర్‌వీల్ చేసివ్వమని సుబారు వాళ్లని అడిగారు. అలా మొదలైన పని 1972లో లియోన్ బండిగా అమ్మకానికొచ్చింది. నేను షెడ్డులో చేరిన ఏడే. సీలేరు కరెంటువాళ్ల జీపులు చూసినవాణ్ణి కాబట్టి వాళ్ల బాధ నాకు తెలుసు.

మీట మీద బొమ్మలు వేసి, ఇది బురద, ఇది ఇసుక, ఇది రాళ్లు అని నేలని చూపిస్తే మిగతాది బండే చూసుకునే ఏర్పాటు 2004లో ల్యాండ్ రోవర్ డిస్కవరీతో వచ్చింది. మా మేనల్లుడి బండిలో అన్ని బొమ్మల్లేవు. టూవీల్, ఆటో, లాక్, అంతే. ఆటోలో మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. జారినట్టు తెలియగానే లోపలి క్లచ్చి బిగిసి వెనకవాటికి బలం పంపుతుంది. లాక్ వేస్తే ఆ క్లచ్చి బిగిసే ఉంటుంది. అంటే మా మేస్త్రి కర్ర లాంటిదే.

"తారు మీద ఉన్నంతసేపు ఆటో. తారు దిగి బురదలోకి పోయే ముందు లాక్. దిగబడ్డాక కాదు, ముందే. మళ్లీ తారెక్కగానే ఆటో," అన్నాను. "గెడ్డ పొంగితే మటుకు ఏదీ వెయ్యకు. ఒడ్డునే ఉండు. చక్రాలు తేలాక నాలుగైనా ఒకటే, రెండైనా ఒకటే."

"అయితే దిగేటప్పుడు కూడా ఆటోలో ఉంటే జారదా మావయ్యా?"

అక్కడే అందరూ దెబ్బతింటారు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఫోర్‌వీల్ ఎక్కడానికే గానీ ఆగడానికి కాదు. ఆపేది టైరు. వంగి చూశాను. ముందువి కొత్తవి, వెనకవి బోడిగుండు. ముందూ వెనకా ఇంత తేడా ఉంటే ఆ క్లచ్చికీ మంచిది కాదు. నాలుగూ ఒకేసారి మార్చమన్నాను. మూలిగాడు. లంబసింగి ప్రయాణం ఆ వారానికి మానుకుని, టైర్ల డబ్బు కూడాక మళ్లీ వచ్చాడు.