దిగుడుబావి మొదలు ఈతకొలను వరకు

వేసవి వచ్చినదనిన కడప మండలమున నీటి ప్రస్తావన లేని ఇల్లు ఉండదు. పూర్వము పిల్లలు నడుమునకు బెండ్లు కట్టుకొని తోట బావులలో ఈత నేర్చుకొనెడివారు. నేడు పట్టణములలో సిమెంటు కొలనులు వెలసినవి. రుసుము చెల్లించినవారెల్లరును అందు దిగుదురు. ఏడాది, రెండేండ్ల పసివారిని సైతము తల్లిదండ్రులు తమ వెంట నీటిలోనికి దింపుచున్నారు. అట్టి పసివారి కొరకై, నీటిలో నానినను ఉబ్బని ఒక విధమైన డైపరు అంగళ్లలో లభించుచున్నది. దానిని తొడిగినచో బిడ్డవలన కొలను నీరు చెడదని పలువురు నమ్ముచున్నారు. ఈ నమ్మకము ఎంతవరకు సమంజసము?

ఇది పైకి చిన్న ప్రశ్నగనే తోచును. కాని పదుగురు దిగు నీటిని పదుగురును ఎట్లు కాపాడుకొనవలయునన్న పెద్ద ప్రశ్న దీని వెనుక ఉన్నది. ఆ పెద్ద ప్రశ్న మన సీమకు క్రొత్తది కాదు. దానికి మన పూర్వులు కొన్ని సమాధానములు చెప్పిరి. కొన్నింటికి ఫలము దక్కినది. కొన్నింటికి ఎంతో మూల్యము చెల్లింపవలసి వచ్చినది. ఆ చరిత్రను ఒకింత తడవినచో నేటి ప్రశ్నకు సమాధానము దానంతట అదియే దొరకునని మా విశ్వాసము.

వాన తక్కువయైన సీమలో నీటిని నిలుపుట మహాపుణ్యకార్యముగా ఎన్నబడినది. మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు దీనికి తార్కాణము. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దీనిని నిర్మింపజేసెను. 1369 నాటి శాసనము ఆ విషయమును చెప్పుచున్నది. రెండు సంవత్సరముల కాలము, దినమునకు వేయి మంది కూలీలు పనిచేసిరని అందు ఉన్నది. మంచి చెరువునకు ఉండదగిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము లెక్కించినది. కట్టనుండి నీరు ఊరుట, నేల చవుడు కావుట, రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట మొదలగునవి ఆ దోషములు. ఇవియన్నియు నేలకును, కట్టకును, స్థలమునకును సంబంధించినవి. నీటిలో దిగు మనుష్యునివలన కలుగు దోషము ఆ పట్టికలో లేదు. అది కంటికి కనబడునది కాదు గనుక పట్టికకు ఎక్కలేదు.

చెరువు లేని చోట దిగుడుబావి ఆధారమయ్యెను. కడప, కర్నూలు ప్రాంతములలో నాపరాతికి కొదువ లేదు. ఆ బండలను మెట్లుగా పేర్చి నీటి అంచువరకు దారి చేసిరి. చేద, మోకు, గిలక లేకపోయినను కడవ ముంచుకొనవచ్చును. వేసవిలో నీటిమట్టము ఎంత దిగిన అంత దిగి నీరు తెచ్చుకొనవచ్చును. బాటసారి దోసిటనే త్రాగవచ్చును. ఇంత సదుపాయము మరి దేనియందును లేదు. అయితే ఈ సదుపాయములోనే ముప్పు దాగియున్నది. కడవ ముంచువాని కాళ్లు నీటిలో మునుగుచుండెను. త్రాగు నీటికిని, కాళ్లు కడుగు నీటికిని నడుమ అడ్డమేదియు లేకపోయెను.

ఆ ముప్పునకు మన పల్లెలలో నారికురుపని పేరు. మన పెద్దలలో దీనిని కన్నులార చూచినవారు నేటికిని ఉన్నారు. కాలి మీద మొదట బొబ్బ లేచును. భరింపరాని మంట పుట్టును. చల్లదనము కొరకై రోగి కాలిని నీటిలో పెట్టును. అంతట బొబ్బ పగిలి, అందుండి తెల్లని నారవంటి పురుగు తల చూపి, వేలకొలది పిల్లపురుగులను నీటిలో విడుచును. రెండు మూడడుగుల పొడవుండు ఆ పురుగును పుల్లకు చుట్టుచు, దినమునకు కొంచెము కొంచెముగా వారముల తరబడి లాగవలసి యుండెను. తొందరపడి తెంపినచో కాలంతయు వాచి రోగి మంచము పట్టును. సేద్యపు పనులు ముమ్మరమైన దినములలో ఇంటి యజమాని మంచమున పడినచో ఆ కుటుంబమునకు ఆ యేటి పంట దక్కుట కష్టము.

ఈ వ్యాధి మర్మమును 1870 ప్రాంతమున ఫెద్చెంకో అను రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు మధ్య ఆసియాలో కనిపెట్టెను. నీటిలో పడిన పిల్లపురుగులను సైక్లాప్స్ అను మిక్కిలి చిన్న నీటిప్రాణి మ్రింగును. సుమారు రెండు వారములలో అవి దాని లోపల పరిపక్వమగును. ఆ నీరు త్రాగినవాని దేహమున ప్రవేశించి, ఇంచుమించు ఏడాదికి కాలి గుండా వెలికి వచ్చును. అనగా ఒకని కాలినుండి మరియొకని నోటికి బావియే వంతెన. ఈ యేటి రోగి తెలియకయే మరుసటి యేటికి ఊరందరికిని రోగమును విత్తుచున్నాడు.

నీటిద్వారా వచ్చు రోగములలో మరి యొకటి కలరా. ఈ వ్యాధి మన సీమ చరిత్రలో ఒక గొప్ప పేరుతో ముడివడియున్నది. దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసి, రైతువారీ పద్ధతిని నెలకొల్పిన సర్ తామస్ మన్రో, పిమ్మట మద్రాసు గవర్నరయ్యెను. పదవి విడుచుటకు ముందు తన ప్రియమైన ఈ మండలములను మరల చూడవలెనని బయలుదేరి, 1827 జూలై 6వ తేదీన కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా సోకి మరణించెను. గుత్తిలో ఆయనను ఖననము చేసిరి. పిమ్మట 1831లో అస్థికలను మద్రాసునకు తరలించిరి. పత్తికొండలో ఆయన స్మారకముగా చింతతోపు నాటి, రాతిమెట్లతో బావిని కట్టించిరి. బాటసారికి నీడ, నీరు ఇచ్చుటకు మించిన స్మారకము ఈ సీమలో లేదు; ఆ ఉద్దేశము మిక్కిలి ఉదారమైనది. అయినను కలరా నీటిద్వారా వ్యాపించునని అప్పటికి ఎవరికిని తెలియదు. 1854లో లండనులో జాన్ స్నో ఆ సంగతిని నిరూపింప యత్నించెను. 1884లో రాబర్టు కాక్ కలకత్తాలో ఒక చెరువు నీటిలోనే కలరా క్రిమిని కనుగొనెను. చుట్టుపట్ల జనులు స్నానమునకును, బట్టలుతుకుటకును, త్రాగుటకును ఆ చెరువు నీటినే వాడుచుండిరి.

అట్లని మన పూర్వులకు నీటి శుభ్రత తెలియదనుట న్యాయము కాదు. నీటిలో మలమూత్రములు విడువరాదని, ఉమ్మివేయరాదని మనుస్మృతి స్పష్టముగా విధించినది. మహానందిలోని కోనేరులను చూడుడు. ఊటనీరు అహోరాత్రములు లోనికి వచ్చుచుండును. అంతే నీరు వెలికి పోయి పొలములను తడుపుచుండును. ఎందరు మునిగినను అడుగు స్పష్టముగా కనబడును. యాగంటి పుష్కరిణిలోను కొండనుండి వచ్చు ధార ఎడతెగక పడుచుండును. నిలిచిన నీటికిని, పారు నీటికిని గల భేదమును మన వాస్తువిదులు ఎరుగుదురు. నేటి ఈతకొలనులో యంత్రము నీటిని లాగి, వడపోసి, మరల కొలనులోనికి పంపును. మహానందిలో ప్రకృతి చేయు పనిని ఇచ్చట మోటారు చేయుచున్నది. మోటారు నిలిచినచో అది కొలను కాదు, సిమెంటు పూసిన మడుగు.

ఇచ్చట మరియొక సంగతి మరువరాదు. నీటిని కాపాడు పేరున మన సమాజము మనుష్యులనే నీటికి దూరము చేసినది. బావి మైలపడునని కొందరిని మెట్లు దిగనీయలేదు. నారిపురుగునకు మాత్రము కులభేదము లేదు. మడికట్టుకొని వచ్చినవాని కాలిలో పురుగున్నచో బావి చెడును. దూరముగా నిలిపివేయబడినవాని దేహము నిర్దుష్టమైయుండవచ్చును. మడి వేరు, శుభ్రత వేరు. ప్రభుత్వ ధనముతో నడచు బావులు, చెరువులు, స్నానఘట్టములు ఎల్లరకును తెరచియుండవలయునని 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణమున శాసించినది. నీటిపై హక్కు అందరిదైనపుడు దానిని చెడకుండ చూచు బాధ్యతయు అందరిదే.

నారికురుపు కథ శుభముగా ముగిసినది. పొరుగున మైసూరు సంస్థానములోని చిత్రదుర్గ ప్రాంతమున 1930 దశకములో మూర్తి, స్వీట్ అను పరిశోధకులు బావులలో సైక్లాప్స్‌ను తిను చేపలను వదలి చూచిరి. 1983-84లో భారత ప్రభుత్వము నిర్మూలన కార్యక్రమమును చేపట్టినది. రోగము పాతుకొనియున్న ఏడు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దిగుడుబావులను చేదబావులుగా మార్చిరి, చేతిపంపులు వేసిరి, బావులలో మందు కలిపిరి, కురుపున్నవారిని నీటిలో దిగవలదని ఇల్లిల్లు తిరిగి చెప్పిరి. నీటిని గుడ్డతో వడగట్టి త్రాగుడని నేర్పిరి. 1996 జూలైలో రాజస్థానమున కడపటి రోగి కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ధ్రువీకరించెను. ఈ రోగమునకు టీకా లేదు, దీనిని కుదుర్చు మందును లేదు. జనుల అలవాటు మారుటవలననే ఇది పోయినది.

ఈ విజయములో మామూలు గుడ్డకు గొప్ప పాత్ర ఉన్నది. ఇక మన మొదటి ప్రశ్నకు వత్తము. ఆ గుడ్డ నారికురుపును ఆపినట్లు, బిడ్డకు తొడిగిన డైపరు కొలను రోగములను ఆపగలదా?

గుడ్డ దేనిని ఆపగలదన్నది ఆ వస్తువు పరిమాణమును బట్టి యుండును. సైక్లాప్స్ ఒకటి రెండు మిల్లీమీటర్ల ప్రాణి. సన్నని నేత దానిని పట్టి నిలుపును. కొలనులలో నేడు మిక్కిలి భయపెట్టు క్రిమి క్రిప్టోస్పోరిడియము. దానిని 1907లో టైజర్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలలో గుర్తించెను. మనుష్యులకు సోకునని 1976లో తెలిసెను. దాని గ్రుడ్డు వంటి కోశము మిల్లీమీటరులో ఇన్నూరవ వంతు మాత్రమే. ఏ నేతయు, ఏ రబ్బరు పట్టియు నీటిలో కదలాడు బిడ్డ నడుమున దానిని నిలుపజాలవు. ఈతడైపరు 1990 దశకపు చివర అమెరికా అంగళ్లలో విరివిగా ప్రచారమునకు వచ్చినది. సామాన్యపు డైపరు నీటిని పీల్చి బరువెక్కి జారును గనుక, పీల్చు గుణమును తగ్గించి దీనిని చేసిరి. కావున మూత్రమును ఇది బొత్తిగా ఆపదు. గట్టి మలమును మాత్రము కొంతవరకు పట్టియుంచును. విరేచనమైనచో క్రిములు కొద్ది నిమిషములలోనే నీటిలో కలియును. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రము వారును ఈ సంగతినే హెచ్చరించుచున్నారు.

క్లోరిన్ ఉన్నది కదా యని కొందరు అందురు. 1908లో అమెరికాలోని జెర్సీ నగరము తన త్రాగునీటిలో క్లోరిన్ నిత్యము కలుపుట మొదలిడెను. నాటినుండి ఆ ద్రవ్యము లోకమునకు చేసిన మేలు ఇంతయని చెప్పలేము. తగు పాళ్లలో ఉన్నచో అది ఈ-కోలి క్రిమిని నిమిషము లోపల చంపును. జియార్డియాను ముప్పావు గంటలో చంపును. క్రిప్టోస్పోరిడియమునకు మాత్రము పది దినములకు పైగా పట్టును. 1993లో మిల్వాకీ నగరపు త్రాగునీటిలో ఈ క్రిమి చేరి సుమారు 4 లక్షల మందిని రోగపీడితులను చేసినది. ఇక కొలనులో క్లోరిన్ తగ్గినచో సులభముగా చచ్చు క్రిములు సైతము విజృంభించును. 1998లో అట్లాంటా దగ్గరి జలక్రీడోద్యానములో పిల్లల కొలనునుండి ఈ-కోలి సోకి పలువురు పసివారు తీవ్రముగా జబ్బుపడిరి.

దీనిని విని పసివారిని నీటికి దూరము చేయుడని మేము చెప్పుట లేదు. ఈత నేర్చిన బిడ్డకు చెరువుల సీమలో, కాలువల సీమలో నీటి ముప్పు కొంత తగ్గును. కాని డైపరు తొడిగితిమి గదా యని నిశ్చింతగా ఉండరాదు. కురుపున్నవాడు బావిలో దిగరాదన్న నియమమే ఇచ్చటను మూలసూత్రము. విరేచనములున్న బిడ్డను, పెద్దను కూడ కొలనులో దింపరాదు. క్రిప్టోస్పోరిడియము సోకినవారు విరేచనములు కట్టిన పిమ్మటను రెండు వారములు ఆగవలయును. దిగుటకు ముందు సబ్బుతో ఒళ్లు కడుగవలయును. గంటకొకమారు బిడ్డను వెలికి తీసి డైపరును చూడవలయును. మార్చునప్పుడు కొలను గట్టున కాక దూరముగా మార్చి, చేతులు కడుగుకొనవలయును. కొలను నీటిని మ్రింగరాదని ఎదుగు పిల్లలకు నేర్పవలయును. కొలను నడపువారిని క్లోరిన్ ఎంత యున్నది, వడపోత నడచుచున్నదా యని అడుగుటకు సంకోచింపరాదు.

మన తల్లులు పొత్తిగుడ్డలను త్రాగునీటి బావికి దూరముగా ఉతికి, ఆ నీటిని చెట్లపాదులకు పోసెడివారు. అంగడి వస్తువేదియు ఆ వివేకమునకు బదులు కాజాలదు. ఒక్క టీకా లేకుండ నారికురుపును పారద్రోలిన సీమ మనది. ఆనాడు ప్రతి రోగియు, తన కాలిని నీటిలో పెట్టిన కలుగు చల్లదనమును ఊరివారి క్షేమము కొరకై వదలుకొనెను. నేడు మనము వదలుకొనవలసినది ఒక్క సాయంకాలపు ఈత మాత్రమే.