స్క్రూకు దారి చూపే యంత్రం

వెన్నెముక ఆపరేషన్లకు రోబో వచ్చిందని ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా ఆసుపత్రుల ప్రకటనల్లో చదివి, అంతా యంత్రమే చేసేస్తుందనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఈ రోబో కత్తి పట్టదు. వెన్నుపూసలోకి స్క్రూ ఎక్కణ్నుంచి, ఏ కోణంలో దిగాలో చూపిస్తుంది. దించేది సర్జన్. అందుకే దీని పుట్టుపూర్వోత్తరాలు తెలియాలంటే ముందు స్క్రూ కథ తెలియాలి.

వదులైన వెన్నును బిగించే ప్రయత్నాలు పాతవే. 1911లో న్యూయార్క్‌లో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారుగా, క్షయ సోకిన వెన్నుపూసలను ఒకదానితో ఒకటి అతికించే ఆపరేషన్లు చేశారు. పోలియోతో వెన్ను వంకరపోయిన పిల్లల కోసం హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ కొక్కేలున్న లోహపు కడ్డీలు వాడారు. ఆ కొక్కేల పట్టు పూస వెనక భాగం వరకే. 1963 నుంచి ఫ్రాన్స్‌లో రాయ్-కామీ స్క్రూలను పూస ముందు భాగం దాకా దించడం మొదలుపెట్టారు. ఆ స్క్రూ వెళ్లే ఎముక వంతెన పేరు పెడికిల్. వీపు మధ్యలో కొన్ని పూసల్లో దాని వెడల్పు పెన్సిల్ మందం కూడా ఉండదు. దాన్ని ఆనుకునే వెన్నుపాము, నరాలు ఉంటాయి. స్క్రూ కాస్త పక్కకు పోయినా ప్రమాదమే.

లోపల ఏముందో చూడటానికి చాలాకాలం ఎక్స్‌రేలే దిక్కు. 1970లలో సీటీ స్కాన్ వచ్చింది. 1985లో కాలిఫోర్నియాలో ప్యూమా అనే ఫ్యాక్టరీ రోబో చేతిని స్కాన్‌తో జోడించి, మెదడులోకి సూది పంపే దారి చూపించారు. అదే పనిని వెన్నుకు తెచ్చింది ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ ప్రొఫెసర్ మోషే షోహామ్. ఆయన 2001లో మరొకరితో కలిసి మజోర్ సంస్థను స్థాపించారు. వాళ్ల స్పైన్‌అసిస్ట్‌కు 2004లో అమెరికా అనుమతి వచ్చింది. పావు కిలో బరువుండే ఆ పరికరాన్ని రోగి ఎముకకే బిగించేవారు. తర్వాత రెనైసాన్స్, మజోర్ ఎక్స్ వచ్చాయి. 2018లో మెడ్‌ట్రానిక్ సుమారు 160 కోట్ల డాలర్లకు ఆ సంస్థను కొనేసింది.

ఢిల్లీలో వెన్నెముక వైద్యానికి ప్రత్యేకంగా ఆసుపత్రి వెలియడం వెనక ఒక పర్వతారోహకుడున్నారు. మేజర్ హరిపాల్ సింగ్ అహ్లూవాలియా 1965 మే 29న ఎవరెస్ట్ ఎక్కారు. అదే ఏడాది తూటా వెన్నులో దిగి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఇంగ్లండ్‌లో చికిత్స పొందిన ఆయన, తర్వాత వసంత్ కుంజ్‌లో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌ను నెలకొల్పారు. ఇక నగరానికి సర్జరీ రోబో అంటే మొదట తెలిసింది డావిన్సీ. ఎయిమ్స్ యూరాలజీ విభాగంలో 2006లో దాన్ని వాడటం మొదలైంది. దాని చేతులు సర్జన్ కదిపినట్టల్లా కదులుతూ కోస్తాయి, కుడతాయి. వెన్ను రోబో జాతి వేరు. స్కాన్‌పై సర్జన్ ముందే గీసుకున్న దారికి తన చేతిని తెచ్చి ఆపుతుంది. ఆ చేతికున్న గొట్టంలోంచి సర్జన్ డ్రిల్ దించుతారు.

వయసు మీద పడ్డవాళ్లకు ఇది ఎంతవరకు పనికొస్తుంది? ఏళ్లు గడిచేకొద్దీ డిస్కులు ఎండుతాయి, పూసల కీళ్లు ఉబ్బుతాయి, నరాలుండే కాలువ ఇరుకవుతుంది. కాస్త దూరం నడిస్తే కాళ్లు లాగుతాయి, కూర్చుంటే తెరిపి. డచ్ సర్జన్ వెర్బీస్ట్ 1950లలో వివరించిన జబ్బు ఇదే. ఇరుకును విప్పే పని ప్రధానంగా సర్జన్ చేతిదే. పూస ముందుకు జారి కదులుతుంటే స్క్రూలు కావలసి రావచ్చు. ఎముక గుల్లబారిన వృద్ధుల్లో తప్పుగా దిగిన స్క్రూను తీసి మళ్లీ వేస్తే పట్టు తగ్గుతుంది కనుక, మొదటిసారే సరిగ్గా దిగడం ముఖ్యం. చిన్న గాట్లతోనే అది సాధ్యం చేయడంలో రోబో సాయపడుతుంది. కానీ గుల్ల ఎముకకు అది బలం పోయలేదు. ఉబ్బిన కీలు మీద డ్రిల్ మొన జారితే గీసుకున్న దారీ తప్పుతుంది. అందుకే ఎముక సాంద్రత పరీక్ష, అవసరమైతే మందులు, స్క్రూ చుట్టూ ఎముక సిమెంటు వంటివి ఇప్పటికీ తప్పడం లేదు.

పిల్లల ఉద్యోగాల వల్ల గురుగ్రామ్, నోయిడాలకు చేరిన మన పెద్దలు డాక్టరును ముందు అడగాల్సింది స్క్రూలు అసలు అవసరమా అని. అవసరం లేదంటే రోబో ప్రస్తావనే రాదు. ఉందంటే, ఆ యంత్రంతో ఆ సర్జన్‌కున్న అనుభవం ఎంతో తర్వాత అడగాలి.