ఫ్యాన్ లేని ఫ్యాన్ బెల్ట్: ఎల్లారెడ్డి రోడ్డు మీద ఒక పట్టా కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక అరుపుతో మొదలైంది. మా నాన్న పాత మారుతి 800 తీసుకుని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వస్తున్నాం. పక్కన తాత. బానెట్ కింద నుంచి కీచుమని ఒకటే శబ్దం. లింగంపేట దాటాక అది టక్కున ఆగిపోయింది. హమ్మయ్య, తగ్గిపోయింది అనుకున్నా. రెండు నిమిషాల్లో బ్యాటరీ ఎర్ర లైటు వెలిగింది, టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది.

"బండి ఆపు రా, పట్టా తెగింది" అన్నాడు తాత. బానెట్ ఎత్తకుండానే!

ఎట్ల తెలిసిందంటే, ఈ బండిలో ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంప్‌నీ తిప్పేది ఒకే బెల్ట్. ఛార్జింగ్, కూలింగ్ ఒకేసారి పోతే మొదటి అనుమానం దాని మీదే. నేను బీటెక్ చదివి కోడ్‌లో బగ్స్ వెతికినోణ్ణి, ఇది మాత్రం నాకు తట్టలేదు.

తాత జీవితం అంబాసిడర్ స్టీరింగ్ దగ్గరే గడిచింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్ మీద 1958లో మొదలైన బండి అది. అందులో రేడియేటర్ ఫ్యాన్‌ని కూడా ఇంజన్ బెల్టే తిప్పేది, అందుకే దాని పేరు ఫ్యాన్ బెల్ట్. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. ఇంజన్ అడ్డంగా కూర్చుంది, ఫ్యాన్‌కి సొంత కరెంట్ మోటార్ వచ్చింది. బెల్ట్‌కి ఫ్యాన్‌తో సంబంధం తెగిపోయింది, పేరు మాత్రం మిగిలింది. ఇప్పటికీ ఏ షాపుకెళ్లినా ఫ్యాన్ బెల్ట్ అనే అడుగుతాం.

తాత దాన్ని అదీ అనడు, పట్టా అంటాడు. ఊర్లో గిర్ని ఆయిల్ ఇంజన్‌కి ఉండేది కదా, బారుగా చప్పటి పట్టా, అది జారితే జిగట ముద్ద రుద్దేవాళ్లు. తొలి కార్లలోనూ అంతే. 1908 ఫోర్డ్ మోడల్ టీ ఫ్యాన్‌కి చప్పటి తోలు పట్టా ఉండేది. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ రబ్బరు, దారం కలిపి వీ ఆకారంలో బెల్ట్ చేశాడు. చప్పటిది పుల్లీ మీద ఊరికే ఆనుతుంది. ఇది గాడిలోకి మేకులా దిగుతుంది, లాగిన కొద్దీ పక్కల్ని పట్టుకుంటుంది. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌లో అన్నింటినీ తిప్పే ఒకే పొడుగు బెల్ట్ వచ్చింది, సర్పెంటైన్ అంటారు. మీ ఇంట్లో కొత్త కారు ఉంటే బహుశా అదే ఉంటుంది.

సరే, రోడ్డు మీదికి వద్దాం. తాత డిక్కీలోంచి కొత్త బెల్ట్ తీశాడు! "స్టెప్నీ లేకున్నా ఎట్లనో పోతం, పట్టా లేకుంటే పోలేం." ఇంజన్ చల్లారేదాకా చెట్టు కింద కూర్చున్నాం. ఇది మాత్రం స్కిప్ చేయకండి, వేడి ఇంజన్‌లో చేయి పెట్టకండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. ఆల్టర్నేటర్ బోల్టులు వదులు చేసి దాన్ని ఇంజన్ వైపు నెట్టాం, కొత్త బెల్ట్ పుల్లీల మీద ఎక్కించాం. మా బండికి ఏసీ లేదు కాబట్టి అడ్డమొచ్చే ఇంకో బెల్ట్ లేదు. తర్వాత టైర్ రాడ్‌తో ఆల్టర్నేటర్‌ని బయటికి లాగిపెట్టి బోల్టు బిగించాం. మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటర్ లోపే దిగాలి. వదులైతే మళ్లీ అరుస్తుంది, మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. నేను హీరోలా బిగించా. తాత వేలితో నొక్కి చూసి, "వీణ తీగ గాదు రా" అని మళ్లీ వదులు చేయించాడు.

ఇంటికొచ్చి తెగినదాన్ని చూశా. లోపలి పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి, అడ్డంగా పగుళ్లు. ఇక్కడ తాత పాఠానికి ఒక అప్‌డేట్ ఉంది. పగుళ్లు చూసి మార్చడం పాత రబ్బరుకి పనికొచ్చేది. ఇప్పటి చాలా సర్పెంటైన్ బెల్ట్‌లు ఈపీడీఎం రబ్బరువి. అవి అంత సులభంగా పగలవు, టైర్‌లా అరుగుతాయి. పైకి కొత్తగానే కనిపిస్తాయి, గీతల మధ్య లోతు పెరిగిపోతుంది.

తాతకి ఇది చెప్పా. కాసేపు ఆ పట్టాని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "మరి అరుస్తదా అది?" అన్నాడు. జారితే అరుస్తుంది తాతా అన్నా. "అయితే సరే" అన్నాడు.