గడప దాటని బీరు

ఇంట్లో పులియబెట్టుకున్న బీరును తోటివాడికిచ్చి ‘లోపమేమిటో చెప్పు’ అని అడగడానికి అమెరికన్ పౌరుడు దశాబ్దాలు ఆగవలసి వచ్చింది. 1933లో మద్యనిషేధం తొలగినప్పుడు ఇంటి వైన్‌కు అనుమతి దక్కింది, బీరుకు దక్కలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ లోటు తీరింది: ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, పన్ను లేదు, అమ్మకం కూడదు.

కానీ మద్యంపై పెత్తనం, మన దేశంలో లాగే, ప్రధానంగా రాష్ట్రాలది. మిసిసిపీ, అలబామా 2013 దాకా దిగిరాలేదు. ఆరెగన్‌ది మరీ వింత. 2010లో అక్కడి అధికారులు పాత చట్టానికి కొత్త భాష్యం చెప్పి, ఇంటి బీరు ఇల్లు దాటరాదన్నారు. రాష్ట్ర సంతలో జరగవలసిన పోటీ రద్దయింది. తయారీ హక్కే, రుచి చూపడం నేరం!

ఇది చిన్న విషయమేమీ కాదు. తన బీరులోని దోషానికి తయారీదారు ముక్కు అలవాటుపడిపోతుంది. మొహమాటానికి ‘బాగుంది’ అనే మిత్రుడి వల్ల ఉపయోగం లేదు. వెన్న వాసన వస్తే పులియడం పూర్తికాలేదనీ, ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మాల్టు రసం తగినంత మరగలేదనీ చెప్పగలిగేవాడు కావాలి. పోటీల్లో న్యాయనిర్ణేతల పత్రం 50 మార్కులది: రుచికి 20, వాసనకు 12, రూపానికి 3 మాత్రమే. (మన ఎన్నికల్లో ఈ లెక్క తలకిందులు.)

2011లో ఆరెగన్ చట్టసభ సవరణ తెచ్చింది. సీసాలు మళ్ళీ గడప దాటాయి.